పదకొండు గంటల ఆట

ఫ్రిజ్ తలుపు మీద రెండు అయస్కాంతాల కింద రెండు కాగితాలు నెల రోజులుగా పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మనవరాలు నీనా చర్చిలో తొలిసారి సత్ప్రసాదం అందుకునే పండుగ ఆహ్వానం. రెండోది జిల్లా ఫుట్‌బాల్ సంఘం పంపిన ఆటల పట్టిక. రెండింటి మీదా తేదీ ఒకటే, గంట కూడా ఒకటే. లుత్సినా రోజుకెన్నిసార్లో ఆ తలుపు తీసి వేసేది. ఆమె భర్త జెనెక్ అంతకన్నా ఎక్కువసార్లు తీసేవాడు. ఇద్దరి కంటా పడలేదు. పాల కోసం తలుపు తీయబోయిన కూతురు ఎదితా కంట పడింది.

"అమ్మా, ఇదేంటి? పద్నాలుగో తారీకు పదకొండింటికి బోర్కితో ఆటా?"

"ఆఁ, బోర్కితోనే. ఈ ఏడు పై తరగతి నుంచి జారి మన తరగతిలోకి వచ్చారుగా." లుత్సినా చేతులు పిండిలో ఉన్నాయి. వెనక్కి తిరగలేదు.

"పద్నాలుగున నీనా సత్ప్రసాదం."

పిండి పిసుకుతున్న చేతులు ఆగిపోయాయి.

"పూజ కూడా పదకొండింటికే," అంది ఎదితా. "ముందే చెప్తున్నా. ఆ టైముకి స్వావెక్ తన కూతురి పక్కన చర్చిలో ఉంటాడు, నీ గోల్‌పోస్టుల మధ్య కాదు. ఆ రోజు నువ్వు గనక నా మొగుణ్ణి ఆటకి పిలిచావంటే నా బల్ల దగ్గర నీకు కుర్చీ ఉండదు. ఊరికే అనడం లేదు."

"నేనెందుకు పిలుస్తానే?"

"ఎందుకు పిలవవు? నా సత్ప్రసాదం ఫోటోలో అందరూ ఉన్నారు. నువ్వు, తాత, అమ్మమ్మ, చివరికి పక్కింటి కుక్క కూడా ఉంది. నాన్న లేడు. ఎందుకు లేడు? లెఫ్ట్ బ్యాక్ ఆడుతున్నాడు."

పక్క గదిలో టీవీ చూస్తున్న జెనెక్ ధ్వని కాస్త పెంచాడు.

ఒల్షానాలో ప్రొమియెన్ క్లబ్బు రెండుసార్లు పుట్టింది. మొదటిసారి యుద్ధం అయిపోయాక, గాజు ఫ్యాక్టరీతో పాటు. ఫ్యాక్టరీ బస్సు ఇచ్చేది, బూట్లు ఇచ్చేది, బాగా ఆడేవాడిని కొలిమి దగ్గరి నుంచి తప్పించి గిడ్డంగిలో నీడపట్టున కూచోబెట్టేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక క్లబ్బు ఇంకో రెండేళ్లు కొనఊపిరితో ఈడ్చి, ఒక నవంబరు ఆదివారం ఎనిమిది మందితో వానలో ఆడి ఓడి, మరి లేవలేదు. గోల్‌పోస్టులు ఎవరో పాత ఇనుము కింద కోసుకుపోయారు. మైదానంలో బాతులు మేశాయి. అలా ఒక పుష్కరకాలం గడిచిపోయింది.

రెండోసారి పుట్టింది అగ్నిమాపక కేంద్రం గదిలో. ఊళ్లో మగవాళ్లందరూ చేరి క్లబ్బును మళ్లీ లేపాలని తీర్మానించారు. ఆ తీర్మానం అరగంటలో అయింది. ప్రెసిడెంటు ఎవరన్న దగ్గర మూడు సాయంత్రాలు పోట్లాడుకున్నారు. వీడు ఒప్పుకుంటే వాడు ఒప్పుకోడు. స్కూలు వంటగదిలో పనిచేసే లుత్సినా మూడో రోజు వాళ్లకి జామ్ కూరిన బూరెలు పట్టుకెళ్లింది. పళ్లెం బల్ల మీద పెడుతుంటే కొలిమి పని చేసి రిటైరైన మియెతెక్ అన్నాడు, "ఈవిణ్ణే పెడదాం. ఈవిడ మీద ఎవడికీ కోపం లేదు." చేతులన్నీ లేచాయి. కొన్ని చేతుల్లో బూరెలున్నాయి.

ఆమె నవ్వుతూ ఒప్పుకుంది గానీ, పని మాత్రం నవ్వులాటగా చేయలేదు. ఆమె తండ్రి బ్రోనిస్వావ్ గైదా పాత క్లబ్బుకి కెప్టెన్. అందుకని పాతది పాతట్టుగానే ఉండాలని పట్టుబట్టింది. అదే పేరు, అదే పసుపు నీలం జెర్సీ, చర్చికి ఎదురుగా అదే మైదానం. ఆట గంట కూడా అదే. ప్రొమియెన్ సొంత గడ్డ మీద ఎప్పుడూ ఆదివారం పదకొండింటికే ఆడేది. సీజను మొదట్లో సంఘం వాళ్లు ఏ గంటకి ఆడతారని అడిగినప్పుడు, లుత్సినా రెండో ఆలోచన లేకుండా పదకొండు అని చెప్పింది. మిగతా ఊళ్లవాళ్లు మూడు, నాలుగు, అయిదు అని చెప్పారు. మాకో సంప్రదాయం ఉందిలే అనుకుని ఆమె కాస్త గర్వపడింది కూడా.

బి తరగతి అంటే లీగుల్లో అట్టడుగు. దాని కింద ఇంకేమీ లేదు, గడ్డే. అయినా సోమవారం జిల్లా పేపరు చివరి పేజీలో ఒల్షానా పేరు ఒక చిన్న అచ్చు వరుసలో వచ్చేది. స్కూల్లో మధ్యాహ్నం సూపుకి వరుసలో నిలబడ్డ పిల్లలు గిన్నె చాపి, "ప్రెసిడెంట్ గారూ, నిన్న ఎంత?" అని అడిగేవాళ్లు. గెలిచిన సోమవారం లుత్సినా గరిటె నిండుగా పోసేది.

ఇప్పుడు అదంతా పోయేలా ఉంది. ఒక సీజనులో మూడుసార్లు జట్టు మైదానానికి రాకపోతే లీగు నుంచి పేరు కొట్టేస్తారు. మొదటిసారి, నవంబరులో, అరువు తెచ్చిన వ్యాను దారిలో ఆగిపోయింది. రెండోసారి, ఏప్రిల్లో, నలుగురు ఆటగాళ్లు శతావరి కోతకి జర్మనీ వెళ్లారు, ఇద్దరికి జ్వరం. ఇక మూడోది మిగిలింది. కనీసం ఏడుగురు లేకపోతే రిఫరీ ఆట మొదలుపెట్టడు. ఒకసారి పేరు కొట్టేశాక మళ్లీ అగ్నిమాపక కేంద్రంలో మూడు సాయంత్రాలు పోట్లాడుకునే ఓపిక ఈ ఊరికి లేదని లుత్సినాకి తెలుసు.

ఆ సాయంత్రం జెనెక్, ఆమె బల్ల దగ్గర కూచుని వేళ్ల మీద లెక్కపెట్టారు.

"స్వావెక్, పాప తండ్రి, లెక్కలోంచి పోయాడు. బార్తెక్ నీనా జ్ఞానతండ్రి. పోయాడు. నీనాతో పాటు సత్ప్రసాదం తీసుకునే కవల పిల్లల మేనమామలు ఇద్దరూ ఫార్వర్డ్‌లు. పోయారు."

"చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన కొడుకు?"

"ఆ రోజు వాడే వాయించాలి. తండ్రికి చెయ్యి విరిగింది."

"లెషెక్?"

"వాడి కూతురూ అదే గుంపులో. అయినా వీళ్లందరికీ ఒకే ఏడాది పిల్లలు ఎలా పుట్టారు జెనెక్?"

"ఆ శీతాకాలం కరెంటు తెగ పోయేది," అన్నాడు జెనెక్.

లెక్క తేలితే నలుగురు మిగిలారు. నాలుగోవాడు జెనెక్కే, యాభై తొమ్మిదేళ్లవాడు, మోకాలికి పట్టీ.

మర్నాడు స్వావెక్ ఫోన్ చేశాడు. "అత్తయ్యా, ఒక్క మాట చెప్పండి. పూజలో ఊరేగింపు అయ్యాక పక్క తలుపులోంచి జారుకుంటా. రోడ్డు దాటితే మైదానమేగా. ఎదితా అరుస్తుంది, రెండు రోజులకి చల్లబడుతుంది."

"రెండు రోజులకి చల్లబడదు. ఇరవై రెండేళ్లయింది, వాళ్ల నాన్న మీదే ఇంకా చల్లబడలేదు. నువ్వు నీ కూతురి దగ్గర నిలబడు."

"మరి క్లబ్బు?"

"క్లబ్బుకి ప్రెసిడెంటు నేను, నువ్వు కాదు," అని ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు ఫోను వైపే చూసింది.

మిగిలిన దారి ఒకటే. ఆట గంట మార్చాలంటే ఎదుటి జట్టు ప్రెసిడెంటు సంతకం పెట్టాలి. ఆ కాగితం శుక్రవారం మధ్యాహ్నంలోగా సంఘానికి చేరాలి. లుత్సినా మంగళవారం గసగసాల రొట్టె చుట్ట చేసి, సైకిలు బుట్టలో పెట్టుకుని బోర్కి వెళ్లింది.

బోర్కి ప్రెసిడెంటు గెర్వాజీ కులీగ్‌కి డెబ్బై ఏడేళ్లు. ప్లాస్టిక్ కప్పిన గుడారంలో టొమాటో మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. మే పదిహేనున ఆఖరి మంచు పడే 'చల్లని జోఫియా' రోజు దాటకుండా వాటిని బయట నాటే తెలివితక్కువవాడు ఆ చుట్టుపక్కల లేడు.

"రండి రండి ప్రెసిడెంట్ గారూ. గసగసాల చుట్టా? అంటే పని పెద్దదే. చిన్న పనికయితే బిస్కట్లు తెచ్చేవారు."

లుత్సినా సంగతి చెప్పింది. దాచకుండా అంతా చెప్పింది. ఆయన నీళ్ల డబ్బా కింద పెట్టి విన్నాడు.

"మా ఊళ్లో సత్ప్రసాదం పోయిన ఆదివారమే అయిపోయింది," అన్నాడు. "మా కుర్రాళ్లందరూ ఖాళీ. మీరు రాకపోతే మూడు సున్నా మాది. మూడు పాయింట్లొస్తే పై తరగతికి తిరిగి ఎక్కుతాం. పెట్టొద్దు తాతా సంతకం, అంటున్నారు వాళ్లు."

"ఆడకుండా వచ్చిన గెలుపు గెలుపేంటి బాబాయ్?"

అంతవరకు నవ్వుతున్న గెర్వాజీ మొహంలో నవ్వు పోయింది.

"అది మీరు నాతో అంటున్నారా, బ్రోనెక్ గైదా కూతురై ఉండి? మీ క్లబ్బు గదిలో గోడ మీద ఏం రాసుంది?"

ఆ గోడ లుత్సినాకి కంఠతా వచ్చు. ఒల్షానా గడ్డ మీద బోర్కి పద్నాలుగేళ్లు ఒక్కసారీ గెలవలేదు, కెప్టెన్ బ్రోనిస్వావ్ గైదా, అని ఎర్రటి అక్షరాల్లో. దాని కింద వరసగా ఏడాది, ఫలితం. క్లబ్బు మళ్లీ పుట్టిన వసంతంలో మాసిపోయిన ఆ అక్షరాల మీద మళ్లీ రంగు దిద్దింది ఆమె చెయ్యే.

"ఫలితాలు ఎప్పుడైనా చదివారా?" అన్నాడు గెర్వాజీ.

"దిద్దిందే నేను. మూడు సున్నా, మూడు సున్నా, మూడు..." అని ఆగింది.

"ఆఁ. పద్నాలుగూ మూడు సున్నాలే. మీ నాన్న ప్రతి ఏడూ సరిగ్గా మూడు గోల్సే వేశాడా? నాలుగో గోల్ వేయడానికి కాళ్లు రాలేదా?"

లుత్సినా చేతిలోని చుట్టని నీళ్ల డబ్బా పక్కన పెట్టింది.

"మాకప్పుడు చర్చి లేదు. పెద్ద పూజకి మీ ఊరే వచ్చేవాళ్లం, నడిచి. పూజ పదకొండింటికి. మీ ఫ్యాక్టరీలో కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి ఏం చేశాడు? ఆట కూడా పదకొండింటికే పెట్టాడు, జనం చర్చి వదిలి మైదానానికి రావాలని. మీ వాళ్లు వచ్చారు. రాకపోతే ఫ్యాక్టరీ ఇచ్చే ఫ్లాట్ వచ్చేది కాదు, తప్పుపట్టను. మా అమ్మలు మమ్మల్ని పంపలేదు. బూట్లు సంచిలో పెట్టుకుని, సంచి బెంచీ కిందికి తోసి, పూజలో కూచునేవాళ్లం. అయిపోగానే పరుగెత్తుదామని. పదకొండుంపావుకి కిటికీలోంచి రిఫరీ ఈల వినపడేది. అంతే, వాకోవర్. ఫాదర్ ప్రసంగం ఇంకా మొదలే కాలేదు. పద్నాలుగేళ్లు విన్నానమ్మా ఆ ఈల. ఆ తర్వాత మా చర్చి మేమే కట్టుకున్నాం, పొద్దున తొమ్మిదింటికి పూజ పెట్టుకున్నాం, వచ్చి ఆడాం. అప్పటికి నాకు కాళ్లు పోయాయి."

"నాకు తెలీదు," అంది లుత్సినా.

"మా ఊళ్లో మిమ్మల్ని ఎన్నిసార్లు ఉతికామో అది ఏ గోడ మీదా లేదు. పోయిన సెప్టెంబర్లో మీ వాళ్లు ఆ గోడ ఫోటో తీసి ఇంటర్నెట్లో పెట్టి, 'బోర్కీ, గుర్తుందా?' అన్నారు. మా మనవడు తెచ్చి చూపించాడు. గుర్తుంది."

ఆయన గసగసాల చుట్ట అందుకుని వాసన చూసి పక్కన పెట్టాడు.

"సంతకం పెడతా. కుర్రాళ్లని నేను చూసుకుంటా. ఆ గోడ చెరపండి. మిగతా గోడ మీ ఇష్టం, ఆ పద్నాలుగూ చెరపండి. గురువారం మా మనవడు వచ్చి చూసి వెళ్తాడు. ఇంకో సంగతి, అయిదింటికి కుదరదు. ఆరింటికి మా వాళ్లు ఆవుల దగ్గర ఉండాలి. నాలుగింటికి."

దారి పొడుగునా లుత్సినా సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ వచ్చింది. వచ్చి తిన్నగా తల్లి గదిలోకి వెళ్లింది. ఎనభై నాలుగేళ్ల స్తానిస్వావా కిటికీ దగ్గర కూచుని బఠానీలు ఒలుస్తోంది.

"అమ్మా, బోర్కి వాళ్లు ఆడకుండానే ఓడిపోయారని నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా? రంగు డబ్బా కొనుక్కొచ్చావు, నిచ్చెనెక్కావు. నాన్న పేరు దిద్దుతున్నావు కదా, మధ్యలో నేనెందుకు అనుకున్నా." ఆమె ఇంకో కాయ ఒలిచింది. "మీ నాన్న ఆ బోర్కి ఆదివారాలు తొందరగా ఇంటికొచ్చేవాడు. జెర్సీ ఇస్త్రీ మడత కూడా నలిగేది కాదు. అట్లాగే మళ్లీ బీరువాలో పెట్టేదాన్ని. ఆ రోజు భోజనం దగ్గర మాట్లాడేవాడు కాదు. ఒకసారి నేనే, గెలిచారుగా, అన్నా. ప్లేటు పక్కకి నెట్టి లేచిపోయాడు. మళ్లీ అనలేదు."

"మరి గోడ మీద రాయించుకున్నాడు?"

"ఆయన రాయించలేదు. ఫ్యాక్టరీ రాయించింది. ఆయన పేరు వాళ్లే వేశారు. వద్దని మాత్రం అనలేదు, అది నిజం."

బుధవారం సాయంత్రం క్లబ్బు గదిలో కమిటీ చేరింది. లుత్సినా చెప్పడం పూర్తికాకముందే మియెతెక్ లేచాడు.

"చచ్చినా చెరపను. వాడెవడండీ మన గోడ మీద చెప్పడానికి?"

"చావడానికే ఆదివారం ముహూర్తం పెట్టుకున్నాం మియెతెక్. ఎలా చావాలనే మాట్లాడుతున్నాం."

"అది మన చరిత్ర."

"చరిత్రేగా. పద్నాలుగుసార్లు వాళ్లు పూజలో ఉన్నారు, మనం ఇక్కడ నిలబడి గడియారం చూశాం. నీకు తెలీదూ?"

మియెతెక్ చూపు మైదానం వైపు తిప్పాడు. "కుర్రవాణ్ణి. గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాణ్ణి."

"అంటే తెలుసు."

"తెలుసు. అయితే ఏంటి? ప్రతి క్లబ్బుకీ ఏదో ఒకటి గోడ మీద ఉండాలి. అది తీసేస్తే మనకి ఇంకేం ఉంది? నిరుడు పదకొండో స్థానం, అది రాస్తారా?"

ఆ మాట ముల్లులా దిగింది, ఎందుకంటే నిన్నటి నుంచి లుత్సినా తనతో తాను అనుకుంటున్నదీ అదే. తండ్రి గురించి ఆమె దగ్గర ఉన్నవి ఒక గడియారం, రెండు ఫోటోలు, ఆ గోడ. ఆమె కమిటీ వైపు తిరిగింది.

"సరే. గోడ ఉంచుదాం. అయితే ఆదివారం పదకొండింటికి ఆట. ఎవరొస్తారో చేతులెత్తండి."

మూడు చేతులు లేచాయి. మియెతెక్ చెయ్యి అందులో ఒకటి. అరవై ఎనిమిదేళ్లు, గుండెకి స్టెంటు.

"నువ్వు రిజిస్టరైన ఆటగాడివి కాదు, దించు," అన్నారెవరో. నవ్వులు లేచాయి గానీ నిలవలేదు.

జెనెక్ లేచి, "మా ఇంట్లో ఫోటో ఒకటుంది, నేను లేనిది," అన్నాడు. "ఇంకొకటి వద్దు." అని బయటికి వెళ్లాడు. కాసేపటికి సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని వచ్చి గోడ దగ్గర పెట్టాడు.

"ఓటింగు ఇంకా అవలేదు," అన్నాడు మియెతెక్.

"మీరు ఓట్లు వేసుకోండి. ఈలోపు నేను మొదలుపెడతా," అంది లుత్సినా.

నిచ్చెనెక్కింది. పైనుంచి కాకుండా కింద నుంచి మొదలుపెట్టింది. చివరి ఏడాది, దాని ముందుది, ఆ ముందుది. తండ్రి పేరు దగ్గరికి వచ్చేసరికి కుంచె ముంచి, ఒకసారి కిందికి చూసింది. ఎవరూ ఓటు వేయడం లేదు. అందరూ గోడకేసి చూస్తున్నారు. ఆమె పేరు మీద కూడా వేసింది. బ్రోనిస్వావ్ వెంటనే పోయాడు, గైదా పోవడానికి రెండుసార్లు పట్టింది. కిందికి దిగాక చేతులు కడుక్కుని, ఇంటికెళ్లి స్కూలుకి కావలసిన దుంపలు తొక్కతీసింది.

గురువారం బోర్కి మనవడు వచ్చి ఫోటో తీసుకుని వెళ్లాడు. శుక్రవారం పొద్దున సంతకం పెట్టిన కాగితం వచ్చింది. దాన్ని సంఘానికి పంపేసి, ఎదితాకి ఫోన్ చేసి చెప్పింది లుత్సినా.

"నాలుగింటికా? నాలుగింటికి కేకు."

"ఆరింటికి కొయ్యవే."

"అమ్మా, మూడంతస్తుల క్రీము కేకు అది."

"మా స్కూలు ఫ్రిజ్‌లో పెడదాం. ఏనుగు పడుతుంది అందులో."

"స్వావెక్ పూజకీ ఉంటాడు, ఫోటోలకీ ఉంటాడు, భోజనానికీ ఉంటాడు," అంది ఎదితా.

"ఉంటాడు."

"ఆయనొక్కడే కాదు. నాన్న కూడా. సూటు వేసుకుని, మొదటి వరుసలో."

"ఉంటాడు."

"అయితే ఆరింటికి."

ఆదివారం పూజ బాగా జరిగింది. నీనా కొవ్వొత్తి ఆరిపోకుండా చెయ్యి అడ్డు పెట్టుకుని నడిచింది. జెనెక్ అన్ని ఫోటోల్లోనూ ఉన్నాడు. కొన్నింట్లో మరీ ముందుకొచ్చి పిల్లని కప్పేశాడు కూడా. ఒంటిగంటకి భోజనం. సేమ్యా వేసిన కోడి సూపు, మాంసం చుట్టలు, బంగాళాదుంప కుడుములు, ఎర్ర క్యాబేజీ. మైదానం చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎనిమిది ఇళ్లలో అదే భోజనం, అదే సమయానికి. లుత్సినా అల్లుడి ప్లేటులోకి చూసి, "ఆ కుడుములు చాలు," అంది.

"అత్తయ్యా, మీరు చేసినవే."

"తెలుసు. అందుకే చాలంటున్నా."

"పాప ఆరోగ్యానికి ఒక్క గుక్క," అన్నాడు బార్తెక్ సీసా ఎత్తుతూ.

"పాప ఆరోగ్యానికి ఏం ఢోకా లేదు. సీసా కింద పెట్టు," అంది. వాళ్లు ఆమె వంటగదిలోకి వెళ్లేదాకా ఆగి తాగారు.

నాలుగింటికి మైదానంలో ప్రొమియెన్ జట్టు పదమూడు మంది తేలారు. ఇద్దరు సబ్‌స్టిట్యూట్‌లు కూడా ఉండడం ఆ సీజనులో అదే మొదలు. మైదానం చుట్టూ తెల్ల గౌన్ల ఆడపిల్లలు, బో టైల మగపిల్లలు, సూట్లలో తాతలు, హైహీల్స్ గడ్డిలో దిగబడుతున్న అత్తలు. క్లబ్బు మళ్లీ పుట్టాక అంత జనం ఎప్పుడూ రాలేదు. రిఫరీ పేర్లు పిలిచాడు, బూట్లు చూశాడు, ఈల వేశాడు. లుత్సినా అప్పుడు ఊపిరి వదిలింది. జట్టు వచ్చింది, ఆట మొదలైంది. ఇక ఏమైనా పేరు కొట్టేయరు.

తర్వాతది ఆట అనడానికి లేదు. బోర్కి కుర్రాళ్లు పొద్దున ఒక రొట్టె ముక్క తిని వచ్చినట్టున్నారు, లేళ్లలా ఉన్నారు. ఒల్షానా వాళ్లు బంతి దగ్గరికి వెళ్లేసరికి బంతి అక్కడ ఉండేది కాదు. కుడి వైపు ఆడుతున్న కవలల మేనమామ పదో నిమిషంలోనే చేతులు మోకాళ్ల మీద పెట్టి వంగాడు.

"ఏం వెతుకుతున్నావురా?" అని గట్టు మీంచి కేకేశాడు మియెతెక్.

"కుడుము!"

సగం ఆటకి బోర్కి మూడు సున్నా. ఆ అంకె బోర్డు మీద చూసి మియెతెక్ ఏదో అనబోయి మింగాడు. రెండో సగంలో స్వావెక్ రెండు మంచి బంతులు ఆపాడు, రెండు తేలికవి వదిలాడు. ఆఖర్లో బార్తెక్ రెండు గోల్స్ కొట్టాడు. రెండోది కొట్టాక నీనా గౌను ఎత్తిపట్టుకుని మైదానంలోకి పరుగెత్తితే రిఫరీ చెయ్యి పట్టుకుని బయట దింపాడు. అయిదు రెండు. బోర్కి గెలిచింది. పెద్ద పూజ రోజున ఒల్షానాలో బంతి ఆడి గెలిచింది.

ఆట కాగానే బోర్కి కుర్రాళ్లు ఆవుల కోసం వ్యానెక్కారు. గెర్వాజీ మాత్రం మనవణ్ణి ఆగమని చెప్పి, కర్ర పట్టుకుని క్లబ్బు గదిలోకి వచ్చాడు. టై కట్టుకున్నాడు. లుత్సినా పొయ్యి మీంచి సాసేజి, ఆవాల ముద్ద, రొట్టె ఇచ్చింది. ఆయన ప్లేటు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

రెండు పూతలు వేసినా పాత ఎరుపు సున్నంలోంచి గులాబీ రంగులో తేలింది. తెలిసినవాళ్లు ఇంకా చదవగలరు.

"కనపడుతూనే ఉంది," అన్నాడు.

"మూడో పూత సెలవుల్లో వేస్తా."

"వెయ్యండి." ఆయన సాసేజి కొరికాడు. నమిలేదాకా ఆగి, "మీ నాన్న మా ఊరొచ్చి ఆడినప్పుడు బాగా ఆడేవాడు," అన్నాడు. "ఎడం కాలు. ఒకసారి నా పక్కటెముక విరిచాడు. చెడ్డవాడేం కాదు. రోడ్డు మీద ఎదురైతే మాత్రం పక్క సందులోకి తిరిగేవాడు."

లుత్సినా ఆయన ప్లేటులో ఇంకో సాసేజి వేసింది.

అప్పుడే లోపలికొచ్చిన మియెతెక్ గోడ మీద తెల్లటి ఖాళీ చూసి మొహం చిట్లించాడు. "ఆసుపత్రిలా ఉంది. ఏదో ఒకటి రాయాలి."

"ఇవాళ్టిది రాయండి," అన్నాడు గెర్వాజీ.

"మా గోడ మీద మా ఓటమా?"

"ఆడి ఓడాంగా. రాయి," అంది లుత్సినా. రంగు డబ్బా అరలోంచి తీసి మూత కత్తితో పైకి లేపింది. అడుగున కాస్త ఎరుపు మిగిలి ఉంది. కుంచె మియెతెక్ చేతిలో పెట్టింది. మియెతెక్ గొణుక్కుంటూ నిచ్చెనెక్కాడు.

బయట నుంచి ఎదితా గొంతు వినపడింది, ఆరున్నరవుతోంది, కేకు కారిపోతోంది, అని. జెనెక్, స్వావెక్ తడి జుట్టుతో పరుగెత్తారు. "వస్తున్నా, రెండే నిమిషాలు," అని లుత్సినా కేకేసి నిచ్చెన కాలు పట్టుకుంది.

"ముందు ఎవరి పేరు?" అన్నాడు మియెతెక్ పైనుంచి.

"ఇల్లు మనది. మన పేరే ముందు. ప్రొమియెన్ రెండు, బోర్కి అయిదు."

"అయిదు కాస్త పెద్దది వెయ్యి నాయనా," అన్నాడు గెర్వాజీ. "నాకు చూపు ఆనదు."